గెట్‌కనెక్షన్ దగ్గరే 5 సెకన్లు పోతుంటే

"డీబీ స్లో ఉంది" అనే మాట మన ఆఫీసుల్లో ఎంత ఈజీగా వచ్చేస్తుందంటే, పేజీ కాస్త లేటైతే చాలు, ఇంకేమీ చూడకుండా టికెట్ తీసుకెళ్ళి డేటాబేస్ చూసుకునే డీబీఏ గారి నెత్తిన పడేస్తారు, ఆయన లేటైన క్వెరీలు నమోదయ్యే స్లో క్వెరీ లాగ్ తీసి చూసి "మా దగ్గర క్వెరీ 3 మిల్లీసెకన్లలో అయిపోతోంది బాబూ, మీ కోడ్ చూసుకోండి" అని తిప్పి మన మీదకే తోసేస్తారు, ఇక ఆ టికెట్ రెండు టీముల మధ్య షటిల్ కొడుతూనే ఉంటుంది. తమాషా ఏంటంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. క్వెరీ ఫాస్టే, పేజీ స్లోనే. మధ్యలో ఇద్దరూ కొలవని టైం ఒకటుంది, కోడ్ డేటాబేస్‌తో మాట్లాడే లైన్ కోసం గెట్‌కనెక్షన్ అని అడిగిన క్షణం నుంచి చేతికి కనెక్షన్ వచ్చేదాకా పట్టే టైం. స్లో క్వెరీ లాగ్‌లో అది రాదు, ఎందుకంటే అప్పటికింకా క్వెరీయే పుట్టలేదు కదా.

ఆ టైం ఎక్కువవుతోంది అంటే నా లెక్కలో మూడు వేరు వేరు రోగాలు. కొత్త కనెక్షన్ తయారవడానికే టైం పట్టడం ఒకటి, పూల్‌లో, అంటే ముందే తెరిచి పెట్టుకుని అందరూ పంచుకునే కనెక్షన్ల గుంపులో, ఖాళీ లేక క్యూలో నిలబడటం రెండోది, పూల్ ఇచ్చిన కనెక్షన్ ఎప్పుడో చచ్చిపోయి ఉండటం మూడోది. యూజర్‌కి మాత్రం మూడిట్లోనూ అదే తిరిగే చక్రం కనిపిస్తుంది. మందులు మాత్రం దేనికది వేరు, ఒకదానికి వేయాల్సింది ఇంకోదానికి వేస్తే తగ్గకపోగా ముదురుతుంది, ముఖ్యంగా అందరికీ ఇష్టమైన ఆ పూల్ సైజు పెంచే మందు. దాని సంగతి కింద చెప్తా.

ముందు మొదటి రోగం, నాకు బాగా నచ్చిన కేసు. పాత సర్వ్‌లెట్ జేఎస్‌పీ జావా వెబ్ అప్లికేషన్, దాన్ని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 8, వెనక డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. పూల్ గీల్ ఏం లేదు, డీబీయుటిల్ అని ఒక క్లాసు, అందులో డ్రైవర్‌మేనేజర్‌తో ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరవడం, పనయ్యాక మూసేయడం. ఇలాంటివి ఇప్పటికీ ఎన్ని నడుస్తున్నాయో, మెయింటెనెన్స్ ప్రాజెక్టుల్లో చేసినవాళ్ళకి తెలుసు. ఏళ్ళ తరబడి బానే నడిచింది, సర్వర్లని ఒక డేటాసెంటర్ నుంచి ఇంకో దానికి మార్చాక "అప్పుడప్పుడు" స్లో అవుతోందని కంప్లైంట్లు మొదలయ్యాయి. ఈ అప్పుడప్పుడు అనేది ఉంది చూశారూ, సపోర్ట్‌లో ఉన్నవాళ్ళకి ఇంతకన్నా భయం పుట్టించే మాట ఇంకోటి లేదు. మనం చూసినప్పుడు ఫాస్ట్‌గా ఉంటుంది, కాల్ పెట్టి స్క్రీన్ షేర్ చేయిస్తే ఇంకా ఫాస్ట్‌గా ఉంటుంది.

టామ్‌క్యాట్ 8 యాక్సెస్ లాగ్ ప్యాటర్న్‌లో పర్సెంట్ డి పెడితే ఒక్కో రిక్వెస్ట్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రాస్తుంది, అది పెట్టి ఒక పూట వదిలేశాం. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ లాగ్‌ని ఎక్సెల్‌లో వేసుకుని చూసి ఒక ప్రశ్న అడిగింది, "అన్నా, స్లో అయినవన్నీ 5 సెకన్ల మీద కొంచెమే ఉన్నాయి, ఒకసారి 3, ఒకసారి 8 ఎందుకు అవ్వట్లేదు?" అని. కేసు సగం అక్కడే తేలిపోయింది. లోడ్ వల్ల స్లో అయితే నంబర్లు చిందరవందరగా ఉంటాయి. అచ్చంగా 5 దగ్గరే ఆగుతోందంటే అక్కడ ఎవరూ పని చెయ్యట్లేదు, ఎవరి జవాబు కోసమో ఎదురుచూసి, రాక, విసుగొచ్చి ఇంకో దారి పట్టుకుంటున్నారు, అంటే ఎక్కడో ఒక టైమౌట్ ఉంది. లైనక్స్‌లో 5 సెకన్లు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది డీఎన్ఎస్ (సర్వర్ పేరిస్తే ఐపీ అడ్రస్ చెప్పే ఏర్పాటు), ఎందుకంటే ఆ జవాబు చెప్పాల్సిన నేమ్‌సర్వర్ ఒకటి పలకకపోతే, మన మెషీన్ తరఫున అడిగే రిజాల్వర్ డీఫాల్ట్‌గా ఆగేది సరిగ్గా అంతసేపే.

అనుమానం వేరు, సాక్ష్యం వేరు. సాక్ష్యం కోసం థ్రెడ్ డంప్ తియ్యాలి, అంటే ప్రతి థ్రెడ్ (ఒక్కో రిక్వెస్ట్ పని చేసేది) ఆ క్షణంలో కోడ్‌లో ఎక్కడుందో చూపే లిస్ట్. చాలామంది దీన్ని ఏదో పెద్ద ఎక్స్‌పర్ట్‌లు చేసే పని అనుకుంటారు గానీ, జావా ప్రాసెస్ నంబర్ తెలిస్తే జేస్టాక్ అని కొట్టడమే, అది లేకపోతే కిల్ మైనస్ 3 కొడితే ప్రాసెస్ చావదు, డంప్ వెళ్ళి కాటలీనా అవుట్ ఫైల్‌లో పడుతుంది. ఒకటి తీస్తే చాలదు, రెండేసి సెకన్ల గ్యాప్‌తో వరసగా కొన్ని తియ్యాలి, అప్పుడు గానీ ఏ థ్రెడ్ కదులుతోంది, ఏది అక్కడే మేకు కొట్టినట్టు ఉండిపోయింది అనేది తెలీదు. మాకు స్లో అయిన టైంలో దొరికిన డంప్‌లో ఒక థ్రెడ్ పైన ఇనెట్6‌అడ్రస్‌ఇంప్ల్, లుకప్‌ఆల్‌హోస్ట్‌అడ్రస్ అనే లైన్ ఉంది, మిగతా థ్రెడ్లు దాని వెనకే అదే పేరు కోసం ఆగి ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ దాకా ఎవరూ వెళ్ళనే లేదు! డీబీ సర్వర్ పేరు ఏ ఐపీ అని అడిగే దగ్గరే అందరూ ఆగిపోయారు.

ఆ సర్వర్ మీదే గెటెంట్ హోస్ట్స్ అని డీబీ పేరిచ్చి టైం కొలిస్తే 5 సెకన్ల చిల్లర. ఎట్సీలో రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్ తెరిస్తే మొదటి నేమ్‌సర్వర్‌గా పాత డేటాసెంటర్ ఐపీ అలాగే ఉంది, కొత్త చోటు నుంచి దానికి వెళ్ళే ప్యాకెట్లని ఫైర్‌వాల్ చప్పుడు చెయ్యకుండా పారేస్తోంది. కాదు పొమ్మని వెంటనే రిజెక్ట్ చేసినా బాగుండేది, రిజాల్వర్ తక్షణం రెండోదాని దగ్గరికి పోయేది. మౌనంగా డ్రాప్ చేయడం వల్ల ఆ 5 సెకన్లూ ఆగి, అప్పుడు రెండో నేమ్‌సర్వర్‌ని అడిగి, దాని దగ్గర మిల్లీసెకన్లలో జవాబు తెచ్చుకుంటోంది.

మరి ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ కదా, ప్రతిసారీ ఎందుకు స్లో అవ్వలేదు? ఎందుకంటే జావా ప్రోగ్రామ్‌ని నడిపే జేవీఎమ్ తన సొంత డీఎన్ఎస్ కాష్ ఒకటి పెట్టుకుంటుంది, సెక్యూరిటీ మేనేజర్ లేనప్పుడు దొరికిన జవాబుని డీఫాల్ట్‌గా 30 సెకన్లు గుర్తుంచుకుంటుంది. ఆ 30 సెకన్లూ అంతా హాయి. అది అయిపోయాక ఎవరు ముందొస్తే వాళ్ళకి, ఆ 5 సెకన్లలో వచ్చినవాళ్ళందరికీ కలిపి వడ్డన. మళ్ళీ 30 సెకన్లు హాయి. ఇందుకే మనం స్క్రీన్ షేర్ చేసి చూసినప్పుడు ఏమీ దొరకదు, అప్పటికే ఎవరో పాపం మన బదులు ఆ 5 సెకన్లు కట్టేసి ఉంటారు.

ఫైల్‌లోంచి ఆ చచ్చిన లైన్ తీసేస్తే అయిపోయింది. మా వాళ్ళలో ఒకరు డేటాబేస్ అడ్రస్ ఉండే జేడీబీసీ యూఆర్ఎల్‌లో పేరు బదులు డైరెక్ట్‌గా ఐపీ పెట్టేద్దాం అన్నారు, రాత్రికి రాత్రి మంట ఆర్పడానికి ఓకే గానీ నాకు నచ్చదు, రేపు డీబీ ఫెయిలోవర్ అయి (ఇంకో సర్వర్‌కి మారి) ఐపీ మారిన రోజు ఇంకో కథ మొదలవుతుంది, పైగా అదే సర్వర్‌లో మెయిల్ పంపే కోడ్, వేరే ఏపీఐ కాల్స్ కూడా ఇదే 5 సెకన్లు తింటున్నాయి, వాటి గురించి ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదంతే.

దీనికి ఇంకో వైపు అన్న ఒకడున్నాడు. మనం డీబీ పేరు వెతుక్కున్నట్టే మైఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా వచ్చిన క్లయింట్ ఐపీ ఎవరిదా అని రివర్స్‌లో పేరు వెతుకుతుంది, యూజర్ పర్మిషన్లు హోస్ట్‌నేమ్ మీద ఇచ్చి ఉండొచ్చు కాబట్టి. ఆ రివర్స్ లుకప్ ఆగిందంటే మన వైపు టీసీపీ కనెక్షన్ మిల్లీసెకన్‌లో అయిపోతుంది, ఆ తర్వాత సర్వర్ పంపాల్సిన మొదటి ప్యాకెట్ మాత్రం రాదు. మైఎస్‌క్యూఎల్‌లో ముందు పలకరించేది సర్వరే కాబట్టి మన డ్రైవర్ సాకెట్ రీడ్‌లో నోరు తెరుచుకుని కూర్చుంటుంది. అదే టైంలో డీబీ వైపు షో ప్రాసెస్‌లిస్ట్ కొడితే అన్ఆథెంటికేటెడ్ యూజర్ అని లైన్లు వరసగా కనిపిస్తాయి, అవి కనిపించాయంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఈ పేరు వెతకడాన్ని ఆపేసే స్కిప్ నేమ్ రిజాల్వ్ ఆన్ చేసి రీస్టార్ట్. చేసేముందు యూజర్ టేబుల్‌లో హోస్ట్ పేర్ల మీద ఇచ్చిన గ్రాంట్లు (పర్మిషన్లు) ఏమైనా ఉన్నాయా చూసుకోండి, అవి పనిచెయ్యవు, ఐపీల మీదకి మార్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో వాడే మైఎస్‌క్యూఎల్ డాకర్ ఇమేజ్‌లో ఈ సెట్టింగ్ ముందే పెట్టి ఇస్తారు, అందుకే "నా ల్యాప్‌టాప్‌లో రావట్లేదు బ్రో" అనే డైలాగ్ ఈ ప్రాబ్లంలో తప్పకుండా వినిపిస్తుంది.

ఒరాకిల్ మీద పనిచేసినవాళ్ళకి ఇంకోటి గుర్తుండే ఉంటుంది. దాని జావా డ్రైవర్ అయిన థిన్ డ్రైవర్ లాగిన్ అయ్యేటప్పుడు సెక్యూర్ ర్యాండమ్ నంబర్ కావాలి, అది లైనక్స్‌లోని డెవ్ ర్యాండమ్ నుంచి వచ్చేది, కీబోర్డ్ మౌస్ ఏమీ లేని వర్చువల్ మెషీన్‌లో ఎంట్రోపీ (ర్యాండమ్ నంబర్లకి కావాల్సిన ముడిసరుకు) అయిపోయి లాగిన్ నిమిషాల తరబడి ఆగిపోయేది, ఒక్కోసారి కనెక్షన్ రీసెట్ ఎర్రర్ కూడా కొట్టేది. జావా సెక్యూరిటీ ఈజీడీ అని స్టార్టప్ ఆప్షన్ ఇచ్చి, డెవ్ తర్వాత ఒక చుక్క పెట్టి యూర్యాండమ్ అని రాసేవాళ్ళం. ఆ చుక్క ఎందుకంటే చుక్క లేకుండా రాస్తే పాత జావా దాన్ని స్పెషల్‌గా చూసి మళ్ళీ డెవ్ ర్యాండమ్‌కే పోయేది. 2020లో వచ్చిన లైనక్స్ 5.6 కెర్నెల్ నుంచి డెవ్ ర్యాండమ్ ఒకసారి రెడీ అయ్యాక అలా ఆగట్లేదు కాబట్టి ఈ బాధ తగ్గింది, పాత కెర్నెల్ మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఇంకా వర్తిస్తుంది.

ఇక రెండో రోగం, క్యూ. ఇది కొత్త అప్లికేషన్లకి వచ్చేది. జావా అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్‌లో, 2018లో వచ్చిన వెర్షన్ 2 నుంచి హికారీ అనే పూలే డీఫాల్ట్, ఏమీ మార్చకపోతే గరిష్ఠంగా 10 కనెక్షన్లు, ఖాళీ దొరక్కపోతే 30 సెకన్లు ఆగి "కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని ఎర్రర్. టామ్‌క్యాట్‌కేమో డీఫాల్ట్‌గా 200 థ్రెడ్లు. 200 మంది లోపలికి రావచ్చు, కనెక్షన్లు 10. ఈ ఎర్రర్ చూడగానే నూటికి తొంభై మంది చేసే పని పూల్ సైజుని 100కి పెంచడం.

పెంచేముందు ఒక లెక్క వేసుకోవాలి, లిటిల్స్ లా అని 1961 నాటిది, చాలా చిన్నది. సెకనుకి ఎన్ని రిక్వెస్ట్‌లు కనెక్షన్ అడుగుతున్నాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు పట్టుకుంటోంది, రెండూ గుణిస్తే సగటున ఎన్ని కనెక్షన్లు బిజీగా ఉంటాయో వస్తుంది. సెకనుకి 100 రిక్వెస్ట్‌లు, ఒక్కోటి 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే కావాల్సింది 2. అవును, రెండే! మరి 10 చాలట్లేదంటే ఎవరో గట్టిగా పట్టుకుని వదలట్లేదని అర్థం.

మేము చూసిన ఒక కేసులో ఆ పట్టుకున్నది ఓటీపీ. సర్వీస్ మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ యానోటేషన్, అంటే మెథడ్ అయ్యేదాకా కనెక్షన్ చేతిలోనే, లోపల ఓటీపీ నంబర్ టేబుల్‌లో ఇన్సర్ట్ చేసి, ఎస్ఎమ్ఎస్ గేట్‌వేని హెచ్‌టీటీపీలో పిలిచి, అది ఓకే అన్నాక స్టేటస్ అప్‌డేట్ చేయడం. కోడ్ చదివితే ఎవరికీ ఏమీ తేడాగా అనిపించదు, ముచ్చటగా ఉంటుంది కూడా. మామూలుగా గేట్‌వే 200 మిల్లీసెకన్లలో జవాబిచ్చేది, స్లో అయిన సాయంత్రాలు మాత్రం 3 సెకన్లు తీసుకునేది. సెకనుకి 5 ఓటీపీలు, ఒక్కోటి 3 సెకన్లు, అంటే 15 కనెక్షన్లు కావాలి, ఉన్నవి 10. అంతే, ఓటీపీతో సంబంధమే లేని ప్రొఫైల్ పేజీ, రిపోర్ట్ పేజీ, హెల్త్ చెక్ అన్నీ క్యూలో. అప్పుడు డీబీ సర్వర్ సీపీయూ చూస్తే 4 శాతం దగ్గర కునుకు తీస్తోంది, డీబీఏ గారు నవ్వక ఏం చేస్తారు.

థ్రెడ్ డంప్‌లో ఇది చాలా స్పష్టంగా తెలుస్తుంది. ఎక్కువ థ్రెడ్లు హికారీపూల్ గెట్‌కనెక్షన్ దగ్గర టైమ్డ్ వెయిటింగ్‌లో ఉంటాయి, వాటిని వదిలెయ్యండి, వాళ్ళు బాధితులు. ఆ గుంపులో లేని పది థ్రెడ్లు ఎక్కడున్నాయో వెతకాలి, మాకు ఆ పదీ హెచ్‌టీటీపీ క్లయింట్ సాకెట్ రీడ్‌లో దొరికాయి. డంప్ తీసే వీల్లేని చోట హికారీ లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ పెట్టండి, ఒక 5 సెకన్లు అని, కనెక్షన్‌ని అంతకన్నా ఎక్కువ పట్టుకున్నవాళ్ళ స్టాక్ ట్రేస్ లాగ్‌లో రాసేస్తుంది. లీక్ అని రాస్తుంది గానీ ప్రతిసారీ లీక్ కాదు, ఆలస్యంగా తిరిగిచ్చినా అదే మెసేజ్.

ఇన్సర్ట్ ఒక చిన్న ట్రాన్సాక్షన్, ఎస్ఎమ్ఎస్ కాల్ బయట, అప్‌డేట్ ఇంకో చిన్న ట్రాన్సాక్షన్, ఇలా విడగొట్టాం. అయినా పూర్తిగా తగ్గలేదు, ఎందుకంటే ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్. స్ప్రింగ్ బూట్‌లో ఇది డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, స్టార్టయ్యేటప్పుడు ఒక వార్నింగ్ కూడా ఇస్తుంది, ఆ వార్నింగ్‌ని మనందరం ఏళ్ళుగా చూసీ చూడనట్టు వదిలేస్తున్నాం. దాంతో హైబర్నేట్ (డీబీతో మాట్లాడే లైబ్రరీ) సెషన్ రిక్వెస్ట్ మొత్తం తెరిచే ఉంటుంది, ఒకసారి డీబీని ముట్టుకున్నాక కనెక్షన్ జవాబు వెళ్ళేదాకా చేతిలోనే ఉండిపోవచ్చు, అంటే ఎస్ఎమ్ఎస్ కాల్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తెచ్చినా కనెక్షన్ మాత్రం బయటికి రాలేదు. ఫాల్స్ పెట్టాం. పెట్టగానే లేజీ ఇనిషియలైజేషన్ ఎర్రర్లు (సెషన్ మూశాక డేటా అడిగితే వచ్చేవి) కుప్పలు తెప్పలుగా వస్తాయి, అవి సరిచేసుకునే ఓపిక ఉంటేనే ముట్టుకోండి, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు.

పూల్ పెంచడం గురించి చెప్తానన్నా కదా. టిఫిన్ సెంటర్లో పెనం ఒక్కటే ఉన్నప్పుడు టోకెన్లు ఎన్ని ఇచ్చినా దోశలు తొందరగా రావు. హికారీ వాళ్ళ వికీలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళ నుంచి తీసుకున్న ఫార్ములా ఒకటుంది, సీపీయూ కోర్లు ఇంటూ 2, ప్లస్ తిరిగే డిస్కులు ఎన్నుంటే అన్ని, 4 కోర్ల డీబీకి అది 10 లోపే తేలుతుంది. ఇంకోటి, పూల్ నడుస్తున్న అప్లికేషన్ ఒక్కో కాపీకి (ఇన్‌స్టాన్స్, పాడ్) వేరు అనేది జనం మర్చిపోతారు. పోస్ట్‌గ్రెస్ డీఫాల్ట్ మాక్స్ కనెక్షన్స్ 100, మైఎస్‌క్యూఎల్‌ది 151. ఒక్కో పాడ్‌కి పూల్ 30 పెట్టి 4 పాడ్లు లేపితే 120, పోస్ట్‌గ్రెస్ "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అని మర్యాదగా తలుపేస్తుంది. ఆటోస్కేలింగ్ ఉన్నచోట ఇది ఇంకా సరదాగా ఉంటుంది, లోడ్ పెరిగే కొద్దీ పాడ్లు, పాడ్లు పెరిగే కొద్దీ కనెక్షన్లు, చివరికి డీబీ ఎవరికీ పలకదు.

మూడోది చచ్చిన కనెక్షన్లు. ఆఫీసులో వాడే ఇంటర్నల్ అప్లికేషన్లలో ఎక్కువ, లంచ్ టైంలో ఎవరూ ముట్టుకోరు, తిరిగొచ్చి మొదట క్లిక్ చేసినవాళ్ళకి 10, 15 సెకన్లు. అప్లికేషన్‌కీ డీబీకీ మధ్య ఉన్న ఫైర్‌వాలో, నాట్ (ఐపీ అడ్రస్‌లు మార్చి పంపే) బాక్సో ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని ఇటు చెప్పకుండా అటు చెప్పకుండా తన టేబుల్‌లోంచి తీసేస్తుంది. ఏడబ్ల్యూఎస్ నాట్ గేట్‌వేలో ఆ గడువు 350 సెకన్లు, అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో డీఫాల్ట్ 4 నిమిషాలు. కనెక్షన్ బతికుందా అని లైనక్స్ తనే చూసుకునే టీసీపీ కీప్ఎలైవ్ మొదలయ్యేదేమో 7200 సెకన్లకి, అంటే 2 గంటలకి, అప్పటిదాకా మన వైపు కనెక్షన్ బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. హికారీ ఇచ్చేముందు బతికుందా లేదా అని చెక్ చేస్తుంది, మంచిదే, కానీ ఆ చెక్‌కి గడువు 5 సెకన్లు, ఒకటి చచ్చిందని తేలడానికి 5, తర్వాతది కూడా చచ్చుంటే ఇంకో 5, అలా పోతూ ఉంటుంది. లాగ్‌లో ఫెయిల్డ్ టు వాలిడేట్ కనెక్షన్, మాక్స్ లైఫ్‌టైమ్ తగ్గించుకోండి అని వార్నింగ్ ఉంటే ఇదే. మాక్స్ లైఫ్‌టైమ్, అంటే ఒక కనెక్షన్‌కి గరిష్ఠ ఆయుష్షు, డీఫాల్ట్‌గా 30 నిమిషాలు, దాన్ని మీ ఫైర్‌వాల్ గడువు కన్నా కిందకి తేవచ్చు, దానికన్నా నాకు ఇష్టమైనది కీప్ఎలైవ్ టైమ్ 2 నిమిషాలు పెట్టడం, హికారీ 4 నుంచి ఉంది, ఖాళీగా ఉన్నవాటిని అప్పుడప్పుడు కదిలిస్తూ ఉంటుంది.

వీటన్నిటినీ ఊహించుకునే పని లేకుండా చెయ్యాలంటే కొలతలు చూపే మైక్రోమీటర్ పెట్టుకోండి, స్ప్రింగ్ బూట్ యాక్చుయేటర్‌తో వచ్చేస్తుంది. హికారీ మూడు టైమర్లు ఇస్తుంది, క్రియేషన్ (తయారవడం), అక్వైర్ (చేతికి రావడం), యూసేజ్ (పట్టుకుని ఉండటం). క్రియేషన్ ఎక్కువుంటే నెట్‌వర్క్, డీఎన్ఎస్, టీఎల్ఎస్, లాగిన్ వైపు చూడాలి. యూసేజ్ ఎక్కువుంటే మన కోడ్, మన క్వెరీలు. అక్వైర్ ఒక్కటే పెరిగితే దానికదే జబ్బు కాదు, మిగతా రెండిట్లో ఒకటి దాన్ని లాగుతోందా అని చూడాలి, రెండూ బాగుండి పెండింగ్ (క్యూలో ఉన్నవాళ్ళ లెక్క) కూడా ఎప్పుడూ సున్నా పైనే ఉంటే, అప్పుడు, అప్పుడు మాత్రమే పూల్ చిన్నదైందని నేను ఒప్పుకుంటా.

టైమౌట్లు కూడా చూసుకోండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండు డ్రైవర్లలోనూ సాకెట్ టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలి అనేది) డీఫాల్ట్ సున్నా, సున్నా అంటే అనంతం, నెట్‌వర్క్ మధ్యలో తెగితే ఆ థ్రెడ్ లైనక్స్ తన రీట్రైలు ముగించేదాకా, దాదాపు 15 నిమిషాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, అలాగే ఉంటుంది. మేము 30 సెకన్లు పెట్టాం. పెట్టిన నెలాఖరుకే అకౌంట్స్ వాళ్ళు ఫోన్ చేశారు, వాళ్ళ మంత్లీ రిపోర్ట్ క్వెరీకి 4 నిమిషాలు పడుతుందట, మధ్యలో తెగిపోతోందట. ఇప్పుడు రిపోర్ట్‌లకి వేరే డేటాసోర్స్, పూల్ సైజు 2, సాకెట్ టైమౌట్ 10 నిమిషాలు. మూడో రిపోర్ట్ నొక్కినవాళ్ళు వరసలో ఆగుతారు, ఆగనివ్వండి, లాగిన్ పేజీ అయితే ఆగట్లేదు.